తనది కాని బిడ్డ: క్రీస్తు శైశవగాథలు చూపే విశ్వాసం

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన జీవితమంతా సంఘ చరిత్ర బోధించారు. సువార్త చెబుతున్నదేమిటి, తరువాతి శతాబ్దాల భక్తి దానికి చేర్చినదేమిటి అని విడదీసి చూపడం, విడదీశాక రెండింటినీ గౌరవించడం వారి పద్ధతి. ఆ పద్ధతిలోనే క్రీస్తు జనన, శైశవ గాథలను మీ ముందు ఉంచడానికి ప్రయత్నిస్తాను.

ఆది సంఘం సువార్తను ప్రకటించినప్పుడు బేత్లెహేము నుంచి మొదలుపెట్టలేదు. పౌలు తన పత్రికల్లో యేసు స్త్రీకి పుట్టాడని ఒకచోట చెప్పి ముందుకు సాగిపోతాడు. మార్కు సువార్త యొర్దాను ఒడ్డున, ఎదిగిన మనిషితో ఆరంభమవుతుంది. యోహాను సువార్త సృష్టికి ముందటి కాలానికి వెళుతుంది గాని పశువుల తొట్టె దగ్గర ఆగదు. తొలి సాక్షుల ప్రకటనకు గుండెకాయ సిలువ, పునరుత్థానం. మత్తయి, లూకా మాత్రమే తమ గ్రంథాల ముందు చెరి రెండు అధ్యాయాలు నిలిపి, సిలువ మీది ఆ మనిషి ఒకప్పుడు చేతుల్లో మోయవలసిన పసిబిడ్డ అని చెప్పవలసి ఉందనుకున్నారు. వారలా ఎందుకనుకున్నారన్నదే ఈ సాయంత్రం నా విచారణ.

ఆ ఇద్దరూ ఒకే కథ చెప్పలేదు. మత్తయిలో జ్ఞానులు, నక్షత్రం, హేరోదు, ఐగుప్తు ఉన్నాయి. లూకాలో జనాభా లెక్క, తొట్టె, గొర్రెల కాపరులు, దేవాలయం ఉన్నాయి. మన క్రిస్మస్ నాటికల్లో జ్ఞానులూ కాపరులూ ఒకే పాకలో పక్కపక్కన మోకరిస్తారు గాని, ఏ సువార్తలోనూ వారు ఒకరికొకరు ఎదురుపడలేదు. చరిత్ర దృష్టితో చదివేవారికి చిక్కులు కూడా ఉన్నాయి. యేసు పుట్టినప్పటి రాజని మత్తయి చెప్పే హేరోదు క్రీస్తుపూర్వం 4లో మరణించాడు. లూకా యేసు జననంతో ముడిపెట్టే లెక్క, అంటే కురేనియు సిరియా అధిపతిగా యూదయలో జరిపించినది, చరిత్రకారుడు జోసీఫస్ ప్రకారం, క్రీస్తుశకం 6 నాటిది. ఈ దాదాపు పదేళ్ల ఎడాన్ని పూడ్చడానికి పండితులు అనేక దారులు వెతికారు. ఏదీ అందరినీ ఒప్పించలేదు. విశ్వాసి దీన్ని చూసి బెదరనక్కరలేదు, దాచనూ అక్కరలేదు. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్షులు కొన్ని చోట్ల కలవడమే ఎక్కువ విలువైన విషయం. బేత్లెహేము, నజరేతు, మరియ, యోసేపు, పరిశుద్ధాత్మ వలన గర్భం: వీటి మీద ఇద్దరూ ఏకమవుతారు. సాధారణంగా గమనించని మరొక చోట కూడా ఏకమవుతారు. ఇద్దరి శైశవగాథల్లోనూ ఆ శిశువు నోరు విప్పడు.

పన్నెండేళ్ల ప్రాయంలో యెరూషలేము దేవాలయంలో తల్లికి జవాబు చెప్పేదాకా యేసు మాట ఒక్కటి కూడా మనకు వినిపించదు. బోధ లేదు. రోగుల మీద ఉంచిన చెయ్యి లేదు. తుఫానును గద్దించిన గొంతు లేదు. కాబట్టి విశ్వాసమంటే ఆయన మాట వినడమనో, ఆయన వల్ల బాగుపడడమనో ఈ నాలుగు అధ్యాయాలను బట్టి చెప్పలేం. మరి ఇక్కడి విశ్వాసులు చేస్తున్నదేమిటి? కంటారు, పొత్తిగుడ్డలతో చుడతారు, పేరు పెడతారు, దేవాలయానికి ఎత్తుకొస్తారు, రాత్రికి రాత్రి ఊరు దాటిస్తారు. లోకాన్ని రక్షించడానికి వచ్చినవాణ్ని ముందు కొందరు మనుషులు రక్షించవలసి వచ్చింది. ఆ మనుషుల్లో ఎవరూ ఆ బిడ్డను తమ సొత్తుగా అనుకోలేదు. తనది కాని బిడ్డ భారాన్ని తన మీద వేసుకోవడం, వేసుకున్నాక ఆ బిడ్డ మీద హక్కు కోరకపోవడం. క్రైస్తవ విశ్వాసపు తొలి రూపం ఇదేనని నా ప్రతిపాదన.

యోసేపుతో మొదలుపెడతాను. నాలుగు సువార్తల్లోనూ ఆయన నోట ఒక్క పలుకు లేదు. మరియ కీర్తన ఉంది, జెకర్యా కీర్తన ఉంది, సుమెయోను కీర్తన ఉంది. యోసేపు వింటాడు, లేస్తాడు, చేస్తాడు. మత్తయి ఆయనకు నాలుగు కలలు రాసి, ప్రతి కల వెనుక ఒక పని రాశాడు. అయితే మనం తొందరగా దాటిపోయే సంగతి మొదటి కలకు ముందుది. ప్రధానం చేయబడిన స్త్రీ గర్భవతి అని ఆయనకు తెలిసింది. ధర్మశాస్త్రం ఆయన పక్షాన ఉంది. అటువంటి దోషానికి ద్వితీయోపదేశకాండం విధించిన శిక్ష రాళ్లతో కొట్టడం. ఆ కాలంలో ఆ శిక్ష ఎంతవరకు అమలయ్యేదన్నది వేరే ప్రశ్న. కనీసం నలుగురిలో నిలబెట్టి, ఆమెను దోషిని చేసి, తన పరువు కాపాడుకునే వీలు ఆయనకుంది. ఆయన అలా చేయదలచుకోలేదు. ఆమెను అవమానపరచకుండా రహస్యంగా విడిచిపెడదామనుకున్నాడు. ఇలా అనుకున్నవాణ్ని మత్తయి నీతిమంతుడన్నాడు.

అప్పటికి దూత రాలేదు. ఆ గర్భం వెనుక ఉన్న దైవకార్యం యోసేపుకు తెలియదు. తెలిసినంతలో తాను మోసపోయాడు. ఆ స్థితిలో ఆయన కనికరాన్ని ఎంచుకున్నాడు. దర్శనం దాని తరువాత వచ్చింది. దేవుడు స్పష్టంగా చెబితే చేస్తామని ఎదురుచూసే భక్తికి ఈ క్రమం ఇబ్బందికరమైనది. ఎందుకంటే ఇక్కడ మనిషి ముందు కనికరించాడు, దేవుడు ఆ తరువాత మాట్లాడాడు.

కలలో యోసేపుకు అందిన ఆజ్ఞలో రెండు పనులున్నాయి: ఆమెను చేర్చుకోవడం, పుట్టే బిడ్డకు పేరు పెట్టడం. ఆనాటి యూదు సమాజంలో తండ్రిగా నిలబడి పేరు పెట్టడమంటే ఆ బిడ్డను నా బిడ్డ అని లోకం ముందు ఒప్పుకోవడం. మత్తయి తన గ్రంథాన్ని తెరిచిన ఆ పొడవాటి వంశావళిని ఈ వెలుగులో మళ్లీ చదవాలి. అబ్రాహాము నుంచి దావీదుకు, దావీదు నుంచి బబులోను చెరకు, చెర నుంచి యోసేపుకు రక్తసంబంధం గొలుసుగా వస్తుంది. యోసేపు దగ్గర ఆ గొలుసు తెగుతుంది. దావీదు కుమారుడన్న బిరుదు యేసుకు యోసేపు అంగీకారం వల్ల సంక్రమించింది. ఆ జాబితాలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య ఎందుకున్నారని శతాబ్దాలుగా వ్యాఖ్యాతలు చర్చిస్తున్నారు. ఎవరి పేరు రాస్తే వంశ గౌరవం తగ్గుతుందని సాధారణ లేఖకుడు జంకుతాడో ఆ స్త్రీలనే మత్తయి ఎంచి రాశాడు. రక్తశుద్ధి మీద నిలిచే గర్వాన్ని మొదటి పుటలోనే కదిపి, ఆ తరువాతే బేత్లెహేము కథకు వచ్చాడు.

ఈ కథ ప్రశాంతమైన కాలంలో జరగలేదు. కార్డుల మీది మంచు, దీపాలు, నిద్రపోతున్న ఊరు మన మనసుల్లో బలంగా నాటుకున్నాయి. హేరోదు పాలనలోని యూదయ అలా లేదు. సింహాసనం మీద అనుమానంతో ఆయన భార్య మరియమ్నేను చంపించాడు. క్రీస్తుపూర్వం 7లో తన కొడుకులు అలెగ్జాండరు, అరిస్టోబులస్‌లను, మరణానికి అయిదు రోజుల ముందు పెద్దకొడుకు అంతిపాతరును చంపించాడు. ఆయన పోయాక కొడుకు అర్కెలాయు పస్కా పండుగ సమయంలో మూడు వేల మందిని బలితీసుకున్నాడని జోసీఫస్ రాశాడు. తిరుగుబాట్లు లేచాయి. రోమా సేనాని వారుస్ సిరియా నుంచి దండెత్తి వచ్చి రెండు వేల మందిని సిలువ వేయించాడు. ఆయన సైన్యం నజరేతుకు ఆరు కిలోమీటర్ల దూరంలోని సెప్ఫోరిస్ పట్టణాన్ని తగలబెట్టి, అక్కడి జనాన్ని బానిసలుగా అమ్మిందని కూడా అదే చరిత్రకారుడు చెబుతాడు. ఐగుప్తు నుంచి తిరిగొచ్చిన యోసేపు అర్కెలాయు పేరు విని యూదయకు వెళ్లడానికి భయపడ్డాడని మత్తయి రాసిన మాటకు నేపథ్యం ఇది. భయపడడం అవిశ్వాసమని బోధించేవారు మనలో ఉన్నారు. ఆ భయాన్ని సువార్త తప్పుపట్టలేదు. ఒక కల వచ్చి ఆయన్ని గలిలయకు మళ్లించింది.

ఐగుప్తు ప్రయాణం గురించి మత్తయి చాలా కొద్దిగా చెబుతాడు. ఇశ్రాయేలు చరిత్రలో ఐగుప్తుకు రెండు ముఖాలున్నాయి. ఫరో మగశిశువులను నదిలో వేయించిన దేశం అదే. సొలొమోనుకు భయపడి యరొబాము తలదాచుకున్న దేశమూ అదే. మొదటి శతాబ్దం నాటికి అలెగ్జాండ్రియాలో యూదుల జనసంఖ్య చాలా పెద్దది. కాబట్టి యూదు కుటుంబమొకటి ప్రాణభయంతో అటు వెళ్లడంలో వింతేమీ లేదు. నిర్గమకాండం తెలిసిన పాఠకుడికి మాత్రం కథ తలకిందులైనట్టు తోస్తుంది. ఇప్పుడు ఫరో పాత్ర బేత్లెహేము పక్కనే, యెరూషలేము సింహాసనం మీద ఉంది. ఆశ్రయం ఐగుప్తులో ఉంది. ఆనాడు ఫరో ఆజ్ఞను ధిక్కరించి పసిపిల్లలను బ్రతకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయా. మోషేను నీళ్లలోంచి తీసినది రాజు కూతురు. పరాయి బిడ్డను కాపాడినవారి వరుస బైబిలులో అక్కడే మొదలైంది. యోసేపు ఆ వరుసలోనివాడు. ఐగుప్తులోని కాప్టిక్ సంఘం తమ నేలకు ఆ శరణార్థి కుటుంబం రావడాన్ని నేటికీ ఏటా జూన్ 1న పండుగగా ఆచరిస్తుంది. క్రీస్తు మా దేశానికి ప్రాణాలు దక్కించుకోవడానికి వచ్చాడని ఒక సంఘం గర్వంగా చెప్పుకోవడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

ఒక బిడ్డ తప్పించుకున్నాడు. మిగిలినవారు తప్పించుకోలేదు. శైశవగాథల మీద మాట్లాడే ఎవరైనా ఇక్కడ ఆగక తప్పదు. రెండేళ్లలోపు మగపిల్లలను చంపమని హేరోదు ఆజ్ఞ ఇచ్చాడు. జోసీఫస్ ఈ ఘటనను ప్రస్తావించలేదు గనుక జరగలేదని కొందరు, హేరోదు నేరాల పట్టికలో ఇది జోసీఫస్ కంటికి ఆనలేదని కొందరు అంటారు. బేత్లెహేము చిన్న ఊరు. చనిపోయిన పిల్లలు ఇరవైమందికి మించి ఉండరని అంచనా వేసిన పండితులున్నారు. బైజాంటైన్ ఆరాధనా సంప్రదాయం ఆ సంఖ్యను పద్నాలుగు వేలకు పెంచింది. తక్కువమంది చనిపోతే దుఃఖానికి అర్హత చాలదని ఆ కాలపు భక్తులు భావించారేమో. మత్తయి సంఖ్య చెప్పలేదు. ఒక తల్లి చాలునన్నట్టు, యిర్మీయా గ్రంథం నుంచి రాహేలును పిలుచుకొచ్చాడు. పిల్లలు లేరని ఏడుస్తూ ఓదార్పును నిరాకరించిన స్త్రీ ఆమె.

ఓదార్పు నిరాకరణను మత్తయి దిద్దలేదు. ఆ పిల్లలు దేవుని సంకల్పం ప్రకారమే చనిపోయారని రాయలేదు. వారు మరింత మంచి చోటికి వెళ్లారని రాయలేదు. యేసు తప్పించుకున్నాడు గనుక అంతా మేలుకే జరిగిందనీ అనలేదు. హత్య హేరోదుది. ఏడుపు తల్లులది. సువార్తికుడు ఆ రెండింటినీ పుస్తకంలో పక్కపక్కన రాసి ముందుకు కదిలాడు. మన సంఘాల్లో పసిబిడ్డ పోయిన ఇంటికి వెళ్లి, దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడని వెంటనే వాక్యం చదివేవారున్నారు. యోబు తనను గురించి తాను చెప్పుకున్న మాట అది. ఇంకొకరి చేత చెప్పించడానికి మనకు అధికారం లేదని నేను భావిస్తాను. మత్తయి రెండో అధ్యాయం ఆ ఇంటి అరుగు మీద మాట్లాడకుండా కూర్చోవడాన్ని కూడా విశ్వాసంగానే లెక్కిస్తుంది.

హేరోదుకూ యోసేపుకూ భేదం ఇప్పుడు స్పష్టపడుతుంది. హేరోదు తనదనుకున్నదాన్ని కాపాడుకోవడానికి పరాయి బిడ్డలను చంపాడు. సొంత బిడ్డలను కూడా అందుకే చంపాడు. యోసేపు తనది కానిదాన్ని కాపాడడానికి తన ఊరు, పని, బంధువులు విడిచి నడిచాడు. ఒకే అధ్యాయంలో ఈ ఇద్దరినీ నిలపడం మత్తయి రచనా కౌశలం.

లూకా ఇదే సంగతిని స్త్రీల వైపు నుంచి, దేవాలయం వైపు నుంచి చెబుతాడు. నలభై రోజులు నిండాక తల్లిదండ్రులు బిడ్డను యెరూషలేముకు తెచ్చారు. వారి అర్పణ గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. గొర్రెపిల్లను తేలేని పేదవారికి లేవీయకాండం ఇచ్చిన వెసులుబాటు అది. లూకా ఆ పేదరికాన్ని వర్ణించలేదు, అర్పణ పేరు చెప్పి ఊరుకున్నాడు. అక్కడ సుమెయోను బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. జీవితమంతా ఎదురుచూసినది చేతికందిన క్షణంలో ఆయన కోరుకున్నది సెలవు. బిడ్డను తిరిగి తల్లి చేతికిస్తూ, ఆమె హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందని చెప్పాడు. బాలింతకు ఆశీర్వాదంగా చెప్పదగిన మాటేనా అది? కాని లూకాకు తెలుసు, బిడ్డను దేవునికి ప్రతిష్ఠించడమంటే ఆ బిడ్డ నడవబోయే దారిని తల్లి ఎంచలేదని అర్థం. 84 ఏళ్ల విధవరాలు అన్న ప్రవక్త్రి కూడా అక్కడే ఉంది. ఆమెకు పిల్లలున్నట్టు లూకా చెప్పలేదు. ఆ బిడ్డను గురించి కనిపెట్టుకున్న వారందరితో మాట్లాడిన మొదటి స్త్రీ ఆమె.

పన్నెండేళ్ల తరువాత అదే దేవాలయంలో తల్లిదండ్రులు మూడు రోజులు వెతికి కొడుకును కనుగొన్నప్పుడు, తన తండ్రి పనుల మీద తాను ఉండాలని వారికి తెలియదా అని బాలుడు అడిగాడు. యోసేపు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. యోసేపు తనను కన్నవాడు కాదని బాలుడు ఎరిగే మాట్లాడాడు. యోసేపు సమాధానం మళ్లీ మౌనమే. ఆ తరువాత యేసు వారితో నజరేతుకు వచ్చి వారికి లోబడి ఉన్నాడని లూకా రాశాడు. పెంచిన చేతులు హక్కు వదులుకున్నాయి, పెరిగినవాడు లోబడడం మానలేదు. ఈ రెండూ కలిసి ఉండగలిగిన ఇల్లు నజరేతులోది.

ఈ గాథలను సంఘం తేలిగ్గా జీర్ణించుకోలేదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు లూకా సువార్తను స్వీకరిస్తూనే జనన అధ్యాయాలను తొలగించాడు. రక్షకుడు రక్తంలో, నొప్పుల్లో పుట్టాడనడం ఆయనకు రోతగా తోచింది. మార్కియోనుకు జవాబు రాసిన టెర్టుల్లియను పురుడును, పాలను, పొత్తిగుడ్డలను సమర్థించవలసి వచ్చింది. అయిదో శతాబ్దంలో బిషప్పు నెస్టోరియసు కూడా రెండు మూడు నెలల పసివాణ్ని దేవుడని పిలవడానికి సంకోచించాడని ప్రత్యర్థులు చెప్పారు. 431లో ఎఫెసు సభ ఆ సంకోచాన్ని ఖండించింది. నెస్టోరియసు పట్ల ఆ సభ న్యాయంగా ప్రవర్తించిందా అన్నది చరిత్రకారుల్లో తెగని వివాదం. తీర్పు సారాంశం మాత్రం మన అంశానికి ముఖ్యం. ఎదిగాక దేవుడైనవాడిని కాదు, పాలు తాగే దశలో కూడా దేవుడైనవాడిని సంఘం ఆరాధిస్తుంది. ఆ మాట నిజమైతే, పాలు తాగే ప్రాణం విలువ ఇక మనిషి అంచనాకు వదిలేయదగినది కాదు.

ఆనాటి రోమా ప్రపంచంలో మనిషి అంచనా ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క ఉత్తరం చాలు. క్రీస్తుపూర్వం 1లో అలెగ్జాండ్రియాలో కూలి పనికి వెళ్లిన హిలారియోను అనే మనిషి ఊళ్లో ఉన్న భార్య ఆలిస్‌కు పపైరస్ మీద ఉత్తరం రాశాడు. అది ఐగుప్తు ఇసుకలో, ఆక్సిరింఖస్ పట్టణపు చెత్తకుప్పల్లో దొరికి 1904లో అచ్చయింది. ఆ ఉత్తరం రాసినవాడు క్రూరుడు కాడు. కంగారుపడవద్దంటాడు, ఇంట్లో ఉన్న పసివాణ్ని జాగ్రత్తగా చూసుకొమ్మంటాడు, కూలి రాగానే పంపుతానంటాడు, నిన్నెలా మరచిపోతానంటాడు. ఆ ప్రేమ మధ్యలోనే, కాన్పులో మగబిడ్డ అయితే ఉంచు, ఆడబిడ్డ అయితే పారవెయ్యి అని ఒక సూచన కూడా చేస్తాడు. గొంతు మారదు, తడబాటు లేదు. యేసు కుటుంబం తలదాచుకున్న దేశంలో, దాదాపు అదే కాలంలో, మంచి భర్త మంచి మనసుతో రాసిన మాట అది.

దీన్ని ఎదిరించిన మొదటివారు క్రైస్తవులు కారు. అదే అలెగ్జాండ్రియాలో యూదు తత్వవేత్త ఫిలో పిల్లలను పారవేయడాన్ని నరహత్య అని ఖండించాడు. సంఘం ఆ పాఠాన్ని యూదుల దగ్గర నేర్చుకుంది. ఈ రుణాన్ని మనం తరచుగా మరచిపోతాం. తొలి తరాల క్రైస్తవ బోధనా గ్రంథం డిడాఖే శిశుహత్యను నిషేధించింది. రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత యుస్తీను, పారవేసిన పిల్లలను ఏరుకొని వ్యభిచార గృహాలకు పెంచుతున్నారని చక్రవర్తికి రాసిన విన్నపంలో బయటపెట్టాడు. 374లో వలెంటీనియను చక్రవర్తి శిశుహత్యకు మరణశిక్ష విధించాడు. చట్టం వచ్చినా పేదరికం పోలేదు గనుక పిల్లలను వదిలేయడం శతాబ్దాలపాటు సాగింది. అయినా హిలారియోను రాసినంత మామూలుగా ఆ మాట రాయడం ఇక సాధ్యం కాకుండా పోయింది.

అదే సమయంలో సంఘం మరో దారి కూడా పట్టింది. రావెన్నలోని సాన్ విటాలే ఆలయంలో ఆరో శతాబ్దపు మొజాయిక్ చిత్రం ఉంది. అందులో సామ్రాజ్ఞి థియోడోరా బంగారు పాత్ర పట్టుకొని నడుస్తుంది. ఆమె వస్త్రపు అంచు మీద కానుకలు తెచ్చే జ్ఞానుల బొమ్మలు కుట్టి ఉన్నాయి. సామ్రాజ్యం తనను తాను జ్ఞానుల వరుసలో చూసుకుంది. తరువాతి శతాబ్దాల్లో ఆ జ్ఞానులకు కిరీటాలు వచ్చాయి, వారు రాజులయ్యారు. శిశువుకు కూడా రాజవస్త్రాలు వచ్చాయి. యోసేపు మాత్రం చిత్రాల్లో ఒక మూలకు జరిగాడు. తూర్పు సంఘాల ఐకన్లలో ఆయన తలకు చెయ్యి ఆనించుకొని విడిగా కూర్చుంటాడు. అధికారానికి హేరోదుతో పోలిక తప్పించుకోవడానికి జ్ఞానులు పనికొచ్చారు. యోసేపు దేనికీ పనికిరాలేదు. పశ్చిమ సంఘంలో ఆయన కోసం గట్టిగా వాదించినవాడు పారిస్ విద్వాంసుడు జాన్ జెర్సన్, 1416లో కాన్స్టాన్స్ సభలో. ఆయన పండుగ రోమా పంచాంగంలో చేరింది 1479లో. పద్నాలుగు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఆ పదిహేనో శతాబ్దంలోనే ఫ్లోరెన్స్ నగరపు పట్టు వ్యాపారుల సంఘం దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రయాన్ని కట్టించింది. 1419లో పని మొదలుపెట్టిన శిల్పి బ్రునెల్లెస్కి. దానికి హేరోదు చంపించిన ఆ నిర్దోష శిశువుల పేరు పెట్టారు. గోడల మీద పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిపిల్లల మట్టిబొమ్మలు తరువాత ఆంద్రేయ దెల్లా రొబ్బియా చేసి అమర్చాడు. 1445 ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. అగత అని పేరు పెట్టి రిజిస్టరులో రాసుకున్నారు. ఆశ్రయం చేరిన పిల్లల్లో ఎందరో ఏడాది నిండకముందే పోయారు. పాలిచ్చే దాదులు చాలలేదు, రోగాలు ఆగలేదు. కాబట్టి దాన్ని విజయగాథగా చెప్పలేను. అయినా రాహేలు ఏడుపును విన్న ఒక నగరం, అప్పుడు కాపాడలేకపోయిన పిల్లల పేరిట ఇప్పటి పిల్లలకు తలుపు తెరిచింది. శైశవగాథలకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

తెలుగునేల మీద ఈ గాథ రెండు రకాలుగా వేళ్లూనింది. మెదక్ మహాదేవాలయం 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ పొందింది. అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ఒకటి క్రీస్తు జననమే. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల, పిల్లల వైద్యానికి 1898లో ఆసుపత్రి తెరిచారు. మొదటిదాన్ని చూడడానికి ఏటా వేలమంది వెళతాం, అది తప్పు కాదు. రెండోదానిలో పుట్టి బ్రతికినవారి సంతతి ఈ సభలోనే ఉండవచ్చు.

కాపలా పేరిట స్వామ్యం ఎలా ప్రవేశిస్తుందో కూడా మన రాష్ట్రాల అనుభవమే చెబుతుంది. 1999లోను, మళ్లీ 2001లోను లంబాడా తండాల పేద తల్లిదండ్రుల నుంచి ఆడశిశువులను కొద్ది డబ్బుకు తీసుకొని విదేశీ దత్తతలకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. పోలీసు కేసులు నమోదయ్యాయి. సేవ, శరణాలయం అనే బోర్డుల కింద అది జరిగింది. బిడ్డను మోయడం, బిడ్డను అమ్మడం పైకి ఒకేలా కనిపించగలవు. రెండింట్లోనూ చేతుల్లో పసిబిడ్డ ఉంటుంది, రెండింట్లోనూ కాగితాలుంటాయి. తల్లి ఎక్కడుందన్న ప్రశ్న వేస్తే తేడా తెలుస్తుంది. దూత యోసేపుకు ఐగుప్తు వెళ్లమని చెప్పినప్పుడు బిడ్డతో పాటు తల్లిని కూడా తీసుకెళ్లమన్నాడు. తిరిగి రమ్మన్నప్పుడు కూడా అదే చెప్పాడు. పేద తల్లికి తన బిడ్డను ఉంచుకునే శక్తి ఇవ్వడం మన పరిచర్యలో మొదటి పని కావాలి. దత్తత ఆ పని అసాధ్యమైన చోట మొదలవ్వాలి.

దత్తత విషయంలో భారతీయ క్రైస్తవుల చరిత్ర విచిత్రమైనది. హిందువులకు 1956 నుంచి దత్తత చట్టం ఉంది, బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని పరిధిలోకి వస్తారు. క్రైస్తవులకు అటువంటి చట్టం లేదు. బిడ్డను తెచ్చుకున్న క్రైస్తవ దంపతులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. బిడ్డకు మైనారిటీ తీరగానే చట్టం దృష్టిలో ఆ బంధం ముగిసేది. బాలల న్యాయ చట్టానికి 2006లో చేసిన సవరణతో మతంతో పని లేకుండా దత్తతకు దారి ఏర్పడింది. 2014లో సర్వోన్నత న్యాయస్థానం దాన్ని బలపరిచింది. యోసేపు పేరు మీద దావీదు వంశం పొందిన ప్రభువును కొలిచే సమాజం, ఇంతకాలం తన దత్త పిల్లలకు చట్టంలో తల్లిదండ్రులను ఇవ్వలేకపోయింది. దానికోసం మనం పెద్దగా గొంతెత్తిందీ లేదు.

చట్టం మారింది గాని ఇళ్లలో, సంఘాల్లో పాత మాటలు పోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర పెంపుడు బిడ్డ అన్న మాట ఇంకా మెల్లగా చెవిలో చెబుతున్నారు. పిల్లలకు నిజం చెప్పాలా వద్దా అని తల్లిదండ్రులు నలిగిపోతున్నారు. నజరేతు ఇంట్లో బాలుడికి నిజం తెలుసు, పెంచినవారికీ తెలుసు, అయినా ఎవరి స్థానమూ తగ్గలేదు. ఈ సభలో సంఘ కాపరులు, పాస్టరేట్ కమిటీ సభ్యులు చాలామంది ఉన్నారు. మీ సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు ఒకసారి తెరిపించండి. దత్తత వచ్చిన పిల్లల వరుసలో తండ్రి పేరు రాయవలసిన గడిలో ఏముందో చూడండి. అది ఖాళీగా ఉన్నా, పక్కన పెంపుడు అని కుండలీకరణంలో రాసి ఉన్నా, లూకా రెండో అధ్యాయంలో మరియ దేవాలయంలో కొడుకుతో మాట్లాడుతూ యోసేపును ఏమని పేర్కొందో చదివి, ఆ గడిని సరిచేసి సంతకం పెట్టండి.